మిరప చేనుకు సోపతి కావాలి

మిరప నార్లు పోసుకునే రోజులు దగ్గరపడ్డాయి. ఏ విత్తనం, ఎన్ని ప్యాకెట్లు, ఏ మందు ఎన్నో రోజున అనే ముచ్చట ఊళ్ళలో మొదలైంది. విత్తనం గురించి, మందు గురించి చెప్పడానికి డీలర్లు ఉన్నారు. చేను చుట్టూ ఏం వేయాలి, సాళ్ళ మధ్య ఏం వేయాలి, ఎరువు ఎంత వేస్తే చాలు, ఎంత దాటితే చేటు అనేది చెప్పేవాళ్ళు తక్కువ. ఆ మాట చెబితే అమ్ముడుపోయే సరుకు ఏమీ లేదు. అందుకే ఈ నెల సంపాదకీయాన్ని దానికే కేటాయిస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెబుతాం. మిరపను ఒంటరిగా, యూరియా బలం మీద, మందుల కాపలాలో పెంచే పద్ధతి రైతును అప్పుల్లోకి నెట్టింది. పక్క పంటలు, సమతూకపు ఎరువులు ఆ ఖర్చును, నష్టాన్ని తగ్గిస్తాయి. అయితే ఒక రైతు తన రెండెకరాల్లో ఒక్కడే చేసుకుంటే ఫలితం సగమే. ఊరు కలిసి చేయాలి. ఎరువుల ధరల్లో, కౌలుదారు గుర్తింపులో, పంట కొనుగోలులో ప్రభుత్వం తన వంతు చేయాలి. చేనులో చేసే పని, వీధిలో చేసే పోరాటం ఈ విషయంలో వేర్వేరు కావు.

నల్ల తామర నేర్పిన పాఠం

2021-22 పంటకాలాన్ని మిరప రైతు ఎవరూ మరువలేదు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన నల్ల తామర పురుగును మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. 2021 మొదట్లో అది గుంటూరు వైపు మిరపలో కనిపించింది. ఆ ఏడాది చివరికల్లా ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, మహబూబాబాద్, వరంగల్, ములుగు చేలను కమ్మేసింది. మనకు తెలిసిన పాత తామర పురుగు ఆకును గీకి రసం పీలిస్తే ఆకు పైకి ముడుచుకునేది, దాన్నే పై ముడత అనేవాళ్ళం. ఈ కొత్తది పూలలో చేరింది. పూత రాలిపోయింది, కాయ పట్టలేదు. చాలామంది రైతులు నిలువెత్తు చేలను దున్నేశారు. అప్పుల బాధ తాళలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఫసల్ బీమా పథకం నుంచి రాష్ట్రం 2020లోనే బయటికి వచ్చింది కాబట్టి ఆ ఆసరా కూడా వాళ్ళకు లేకపోయింది.

ఆ పురుగు నైజం తెలిస్తే మందు ఎందుకు పనిచేయలేదో తెలుస్తుంది. అది పూరేకుల లోపల ఉంటుంది, పిచికారీ తగలదు. దాని జీవితంలో ఒక దశ నేలలో గడుస్తుంది, మొక్క మీద కొట్టిన మందు అక్కడికి చేరదు. వారానికి రెండుసార్లు, రెండు మూడు మందులు కలిపి కొట్టినప్పుడు ముందుగా చచ్చింది దాన్ని తినే మిత్ర పురుగులు. ఆ తర్వాత తామర పురుగుకు అడ్డు లేకుండా పోయింది. అందుకే ఎంత కొడితే అంత పెరిగినట్టు కనిపించింది. రైతుల తెలివితక్కువతనం అని దీన్ని కొట్టిపారేసినవాళ్ళు ఉన్నారు. కళ్ళ ముందు పూత రాలుతుంటే, పక్క చేను రైతు కొడుతుంటే, చేతులు ముడుచుకుని కూర్చోవడం ఎవరివల్లా కాదు.

ఆనాడు శాస్త్రవేత్తలు ఇచ్చిన సలహాల్లో మందుల పేర్లతో పాటు మరికొన్ని మాటలు ఉన్నాయి. నత్రజని అతిగా వేయకండి, చేను చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ వేయండి, నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, దుక్కిలో వేపపిండి వేయండి. మందుల పేర్లు ఊరూరా పాకాయి. ఈ మాటలు కాగితం మీదే మిగిలాయి.

పక్క పంట ఏం చేస్తుంది

పక్క పంట అంటే కొత్త సంగతి కాదు. కందిలో జొన్న, పెసర కలిపి వేసిన తాతలు మనకున్నారు. మిరప పుట్టిల్లు మెక్సికోలో కూడా రైతులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసే ‘మిల్పా’ సాగులో మిరపకు చోటు ఇస్తారు. ఎకరాల కొద్దీ మిరప ఒక్కటే వేయడం మన దగ్గర వాణిజ్య పంటల రోజుల్లో స్థిరపడిన అలవాటు. ఒకే పంట కిలోమీటర్ల మేర పరుచుకుంటే పురుగుకు ఒక చేను నుంచి ఇంకో చేనుకు దారి పరిచినట్టే.

ఒక్కో పక్క పంట ఒక్కో పని చేస్తుంది. ఏది ఎందుకో తెలుసుకుని వేస్తేనే లాభం.

చేను చుట్టూ 2-3 సాళ్ళు ఒత్తుగా వేసిన జొన్న లేదా మొక్కజొన్న గోడలా నిలుస్తుంది. తామర పురుగు, తెల్లదోమ, పేనుబంక గాలివాటాన వచ్చేవే. గోడ వాటిని కొంత ఆపుతుంది. మొజాయిక్ వైరస్‌ను మోసుకొచ్చే పేనుబంక ముందుగా జొన్న ఆకును గుచ్చి చూస్తే దాని నోటికి అంటిన వైరస్ అక్కడే వదిలిపోతుంది, మిరపకు చేరేది తగ్గుతుంది. అయితే ఈ సాళ్ళు మిరప నాటిన రోజున వేస్తే పని జరగదు. మూడు నాలుగు వారాల ముందే వేయాలి. మిరప మొలక చిన్నగా ఉన్నప్పుడే గోడ నిలబడి ఉండాలి. నీడ పడకుండా, ఎరువు గుంజకుండా మిరపకు, దానికి మధ్య ఒక మీటరు వదలాలి. 2018లో మన దేశానికి వచ్చిన కత్తెర పురుగు మొక్కజొన్నను వదలదు కాబట్టి ఆ బెడద ఉన్న ఊళ్ళలో జొన్నే మేలు.

ఆముదం మొక్క గట్టు మీద ఉంటే పొగాకు లద్దె పురుగు దాని వెడల్పాటి ఆకుల మీద గుంపుగా గుడ్లు పెడుతుంది. బంతి పూలకు శనగపచ్చ పురుగు వస్తుంది. బంతి వేర్లు నేలలోని నులిపురుగులను కూడా తగ్గిస్తాయి. వీటిని ఎర పంటలు అంటాం. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆముదం, బంతి వేసి వదిలేస్తారు. గుడ్లున్న ఆముదపు ఆకును, పురుగున్న బంతి పూవును వారానికి ఒకసారైనా తెంపి నాశనం చేయకపోతే ఎర పంట పురుగుల నర్సరీ అవుతుంది. నల్ల తామర పురుగు బంతి పూలలోనూ చేరుతుంది. దాని బెడద ఉన్న చోట బంతి పూలను విచ్చిన వెంటనే కోసేయాలి, లేదా ఆ ఏడాదికి బంతిని మానుకోవాలి. బంతి మంచిదని అంతటా ఒకే సలహా ఇవ్వడం సరికాదు.

ధనియాలు, అలసంద చేసే పని వేరు. ధనియాల పూత మీదికి అక్షింతల పురుగులు, పురుగును తినే ఈగలు తేనె, పుప్పొడి కోసం వస్తాయి. అలసంద మీద చేరే పేనుబంకను తిని అక్షింతల పురుగులు పెరుగుతాయి. ఈ మిత్ర పురుగులు మిరపకు కాపలా కాస్తాయి. మందు కొట్టిన రోజున ఇవే ముందు చస్తాయని మరువకూడదు. అలసంద వేర్లు నేలకు కొంత నత్రజని కూడా ఇస్తాయి. ధనియాలను ఆకుకూరగా కోసి అమ్మితే మిరప ఏరకముందే చేతికి నాలుగు రూపాయలు వస్తాయి.

పక్కన ఉండకూడని పంటలు కూడా ఉన్నాయి. వంగ, టమాటా మిరప కుటుంబానివే. ఎండు తెగులు, వైరస్‌లు, నులిపురుగులు వాటి మధ్య పంచుకున్నట్టు తిరుగుతాయి. బెండ, పత్తి తెల్లదోమకు ఇల్లు. పత్తి పక్కనే మిరప ఉండటం మన జిల్లాల్లో మామూలు కాబట్టి గట్టు మీది జొన్న అక్కడ మరింత అవసరం. గట్ల మీద పెరిగే వయ్యారిభామ పూలలో తామర పురుగులు దాక్కుంటాయి. నాటడానికి ముందే దాన్ని పూత రాకుండా పీకేయడం ఏ మందుకన్నా చవకైన పని.

యూరియా ఎక్కువైతే

ఇక ఎరువు సంగతి. నీటి వసతి ఉన్న మిరపకు విశ్వవిద్యాలయం సిఫారసు ఎకరాకు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్. బస్తాల్లో లెక్క వేద్దాం. ఒక డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని ఉంటాయి. అంటే ఎకరాకు కావాల్సిన భాస్వరం ఒక్క డీఏపీ బస్తాతో దాదాపు తీరిపోతుంది. మిగిలిన నత్రజనికి 45 కిలోల యూరియా బస్తాలు ఐదున్నర కన్నా తక్కువే చాలు. పొటాష్‌కు 80 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, అంటే ఒక బస్తా, మీద 30 కిలోలు. ఇప్పుడు మీ చేనుకు పోయిన ఏడాది ఎన్ని బస్తాలు పోశారో పక్కన రాసుకుని చూడండి. డీఏపీ మూడు నాలుగు బస్తాలు, పొటాష్ అర బస్తా లేదా సున్నా అని చాలామంది లెక్క తేలుతుంది.

యూరియా ఎక్కువైతే ఆకు నల్లగా, మెత్తగా, రసంతో నిండి ఉంటుంది. చూడటానికి చేను బాగుంటుంది. రసం పీల్చే పురుగుకు ఆ మెత్తని ఆకు, ఆ లేత చిగురు ఇష్టం. మొక్క కొమ్మలు వేస్తూ పోతుంది, పూత ఆలస్యమవుతుంది, వచ్చిన పూత నిలవదు. ఆకు గుబురుగా కమ్ముకుంటే గాలి ఆడదు, కాయకుళ్ళు, బూడిద తెగులు ముసురుకుంటాయి. అప్పుడు మళ్ళీ మందు. యూరియా బస్తా చవక అనుకుని వేసినదానికి పురుగుమందు బిల్లుతో కడుతున్నాం.

డీఏపీ ఎక్కువైతే వచ్చే నష్టం ఇంత తొందరగా కనపడదు. మొక్క తీసుకోని భాస్వరం నేలలో పేరుకుంటుంది. అది జింకును, ఇనుమును మొక్కకు అందనివ్వదు. ఆకు పసుపు పడితే మనం సూక్ష్మపోషకాల సీసా కొంటాం. అంటే ఎక్కువ వేసిన ఎరువుకు ఒకసారి, దాని వల్ల వచ్చిన లోపానికి ఇంకోసారి డబ్బు కడుతున్నాం. డీఏపీకి బదులు 150 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, అంటే మూడు బస్తాలు వేస్తే అదే భాస్వరం అందుతుంది, పైగా గంధకం, కాల్షియం కూడా వస్తాయి. మిరపకు ఆ రెండూ అవసరం. అప్పుడు డీఏపీ ఇచ్చే 9 కిలోల నత్రజని ఉండదు కాబట్టి యూరియా మొత్తం ఆరు బస్తాలకు కొంచెం తక్కువ పడుతుంది.

పొటాష్ సరిపడా ఉంటే కాయకు బరువు, రంగు వస్తాయి, మొక్కకు తెగులును తట్టుకునే బలం వస్తుంది. ఖమ్మంలో గానీ, వరంగల్ ఏనుమాముల మార్కెట్లో గానీ జెండా పాట ధర రంగు, బరువు ఉన్న కాయకే. తాలు కాయకు పలికే ధర మనకు తెలుసు.

ఎంత వేశామన్నది ఎంత ముఖ్యమో ఎప్పుడు వేశామన్నదీ అంతే ముఖ్యం. భాస్వరం మొత్తం ఆఖరి దుక్కిలో వేయాలి. నత్రజనిని, పొటాష్‌ను నాలుగైదు దఫాలుగా, నాటిన నెల నుంచి నాలుగో నెల దాకా పంచి వేయాలి. వాన పడిందని ఒకేసారి రెండు బస్తాలు చల్లితే అందులో పెద్ద వాటా నీళ్ళ వెంట పోతుంది.

వీటన్నిటికీ అడుగున ఉండాల్సింది పశువుల ఎరువు. పశువులు తగ్గాయి, ఎరువు దొరకడం లేదన్నది నిజమే. దొరకని చోట జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి పూత దశలో కలియదున్నాలి. దుక్కిలో ఎకరాకు 2 క్వింటాళ్ళ వేపపిండి వేస్తే నేలలో ఉండే పురుగు దశలకు, నులిపురుగులకు అడ్డు పడుతుంది. ఎండు తెగులు వచ్చే నేలల్లో 2 కిలోల ట్రైకోడెర్మా విరిడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి ఆరకుండా 10-15 రోజులు నీడలో ఉంచి చల్లాలి. ఇదేమీ కొత్త మంత్రం కాదు. పని ఉంది, ఖర్చు తక్కువ.

ఒక ఊరు కలిసి చేసింది

ఇది సాధ్యమా అని అడిగేవాళ్ళకు మన రాష్ట్రంలోనే జవాబు ఉంది. నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాల్వంచ మండలం పునుకుల గ్రామం పత్తి, మిరప మందుల అప్పుల్లో కూరుకుపోయిన ఊరు. 1999 ప్రాంతంలో సెక్యూర్ అనే సంస్థ, సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ తోడ్పాటుతో, అక్కడ మందులు లేని సాగు మాట మొదలుపెట్టింది. మొదట కొద్దిమంది రైతులే ముందుకు వచ్చారు. ఊళ్ళో మహిళా సంఘాలు పట్టుదలగా నిలబడ్డాయి. ఆముదం, బంతి ఎర పంటలు, జిగురు అట్టలు, వేపగింజల కషాయం వాడారు. కొద్ది ఏళ్ళలో ఊరంతా అటు మళ్ళింది. 2004లో గ్రామ పంచాయతీ తమది పురుగుమందులు లేని ఊరని తీర్మానించింది. ఆ తర్వాత మహిళా సంఘాల ద్వారా ఇదే పద్ధతి ఉమ్మడి రాష్ట్రంలో వేల గ్రామాలకు చేరింది.

పునుకుల నుంచి తీసుకోవాల్సింది ఏ కషాయం ఎన్ని లీటర్లు అన్నది మాత్రమే కాదు. అక్కడ నిర్ణయం ఊరు తీసుకుంది. పురుగుకు సర్వే నంబర్లు తెలియవు. పక్క చేను వాడు మందు కొడితే నా చేనులోని అక్షింతల పురుగు చస్తుంది. ఆయన వదిలేసిన వయ్యారిభామలో పెరిగిన తామర పురుగు నా పూతలోకి వస్తుంది. ఒక్కడు మానితే నష్టపోతానేమో అనే భయం అందరికీ ఉంటుంది. పది మంది ఒకేసారి మానితే ఆ భయం పోతుంది. ఆ పది మందిని ఒక చోట కూర్చోబెట్టడానికే సంఘం ఉన్నది.

పక్క పంటలు వేస్తే మందు పూర్తిగా మానేయవచ్చని గానీ, మొదటి ఏడాదే దిగుబడి పెరుగుతుందని గానీ మేము చెప్పడం లేదు. నల్ల తామర ఉద్ధృతంగా వచ్చిన ఏడాది జొన్న గోడ ఒక్కటే దాన్ని ఆపలేదు. పిచికారీలు తగ్గుతాయి, అప్పు తగ్గుతుంది, కాయలో మందు అవశేషాలు తగ్గుతాయి. యూరప్ దేశాలు మన మిరపపై అవశేషాల తనిఖీలు పెంచాయి. అక్కడ తిరస్కరించిన సరుకు నష్టం తిరిగి తిరిగి కల్లంలో ఉన్న రైతు మీదే పడుతుంది. అంతకన్నా ముందు, మందు కొట్టిన చేనులో వంగి కాయ ఏరే ఆడవాళ్ళ చేతులకు, కళ్ళకు, ఊపిరితిత్తులకు ఆ మందు తగులుతుంది. వాళ్ళు మన ఇళ్ళవాళ్ళే, మన ఊళ్ళ కూలీలే.

ఎంపిక రైతు చేతిలో ఉందా

ఇక్కడిదాకా రైతు చేయాల్సింది చెప్పాం. ఇక్కడ ఆగిపోతే అది వ్యవసాయ శాఖ కరపత్రం అవుతుంది. యూరియా ఎక్కువ, పొటాష్ తక్కువ వేయడానికి కారణం రైతు అజ్ఞానం ఒక్కటే కాదు.

2010 మార్చి దాకా 50 కిలోల యూరియా బస్తా, పొటాష్ బస్తా ధరలు దాదాపు సమానం. రెండూ 250 రూపాయల లోపే. 2010 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం పోషకాల ఆధారిత సబ్సిడీ విధానం తెచ్చింది. యూరియా ధరను తన చేతిలో ఉంచుకుని, భాస్వరం, పొటాష్ ధరలను కంపెనీలకు వదిలింది. ఈనాడు 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. డీఏపీ 1,350 రూపాయలు. పొటాష్ 1,500 రూపాయల పైనే. పొటాష్ మొత్తం దిగుమతి సరుకే కాబట్టి బయట ధర పెరిగితే ఇక్కడ పెరుగుతుంది. చేతిలో డబ్బు తక్కువ ఉన్న రైతు ఏ బస్తా తీసుకుంటాడు? సమతూకంగా వాడండని గోడల మీద రాసి, ధరల్లో సమతూకం చెడగొట్టింది ప్రభుత్వమే.

ఆ యూరియా అయినా సమయానికి దొరికిందా? 2025 వానాకాలంలో రాష్ట్రమంతటా రైతులు తెల్లవారక ముందే చెప్పులు, పాసుపుస్తకాల జిరాక్సులు వరుసలో పెట్టి నిలబడ్డారు. కొరత భయం ఉన్న రైతు దొరికినప్పుడే ఎక్కువ తెచ్చి ఒకేసారి చల్లుతాడు. నాలుగు దఫాలుగా వేయమనే సలహా ఆ వరుసలోనే చచ్చిపోతుంది. యూరియా కావాలంటే ఇంకో సీసా కొనాలనే లింకు అమ్మకాల సంగతి రైతులందరికీ తెలిసిందే.

కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం. మిరప వేసేవాళ్ళలో కౌలుదారులు ఎక్కువ. ఒక్క ఏడాదికి తీసుకున్న భూమిలో పచ్చిరొట్ట వేసి, పశువుల ఎరువు తోలి నేలను బాగు చేస్తే ఆ ఫలం వచ్చే ఏడాది ఇంకొకరికి పోతుంది. గట్టు మీద మూడు సాళ్ళు జొన్నకు వదిలినా ఆ జాగాకు కూడా కౌలు కట్టాల్సిందే. అతనికి బ్యాంకు అప్పు లేదు కాబట్టి డీలరు దగ్గరే ఎరువు, మందు అరువు తీసుకుంటాడు. అరువు ఇచ్చినవాడు ఇచ్చిన మందే కొట్టాలి. 2011 భూ అధీకృత సాగుదారుల చట్టం ఉంది, కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇవ్వమని చెబుతుంది. 2018లో మొదలైన రైతుబంధు మాత్రం పట్టాదారు ఖాతాకే పోయింది.

ఇంత చేసి పండించినా ధర మాటేమిటి? 2017లో ధర కుప్పకూలినప్పుడు ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్ యార్డులో రైతులు ఆందోళనకు దిగారు. అరెస్టు చేసిన రైతులను బేడీలు వేసి కోర్టుకు తీసుకొచ్చిన దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. ఆ ఏడాది కేంద్రం ప్రకటించిన జోక్యపు ధర క్వింటాలుకు 5,000 రూపాయలు. మే నెలలో వచ్చిన ఆ ప్రకటనకు ముందే చాలామంది తెగనమ్ముకున్నారు. 2025లో మళ్ళీ ధర పడితే ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిరపకు 11,781 రూపాయల జోక్యపు ధర ప్రకటించారు. ధర ఉంటుందన్న నమ్మకం ఉంటే రైతు ఖర్చు ఆచితూచి పెడతాడు. నమ్మకం లేనివాడు ఎకరాకు ఇంకో రెండు క్వింటాళ్ళు గుంజి అయినా గట్టెక్కాలని ఇంకో బస్తా, ఇంకో సీసా పోస్తాడు.

ఇవన్నీ నగరానికి దూరమైన సంగతులు కావు. ఈ పత్రిక పని జరిగే చిక్కడపల్లికి నాలుగు అడుగుల దూరంలో అశోక్‌నగర్ ఉంది. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు అక్కడి ఇరుకు గదుల్లో ఉంటున్నారు. వాళ్ళలో ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ మిరప రైతుల బిడ్డలు ఎందరో. గది అద్దె, కోచింగ్ ఫీజు, మెస్ బిల్లు కల్లం లోంచి రావాల్సిందే. ధర పడిన ఏడాది పుస్తకాలు సర్దుకుని ఊరికి పోయేవాళ్ళు ఉంటారు. అదే ఏడాది నారాయణగూడ కిరాణా దుకాణంలో కారం ప్యాకెట్ ధర రైతుకు పడినంత పడదు. మధ్యలో ఉన్న ఆ డబ్బు ఎటు పోతోందో అడిగే హక్కు ఆ పిల్లలకూ ఉంది, ఆ కారం కొనుక్కునే నగర ప్రజలకూ ఉంది.

మన పని, మన డిమాండ్లు

మిరప వేసే ప్రతి ఊరిలో మన గ్రామ కమిటీలు నారు పోయకముందే ఒక సమావేశం పెట్టాలి. అందులో నాలుగు సంగతులు తేల్చుకోవాలి. ఒకటి, వరుసగా ఉన్న చేల రైతులు ఒక బృందంగా ఏర్పడి, జొన్న గోడను విడివిడిగా కాకుండా బృందం చేలన్నిటి చుట్టూ కలిపి వేయాలి. అప్పుడు ఒక్కొక్కరికి పోయే జాగా తగ్గుతుంది. రెండు, గట్ల మీది వయ్యారిభామను ఒకే వారంలో అందరూ పీకేయాలి. మూడు, భూసార పరీక్ష చేయించుకుని, యూరియా, డీఏపీ ఎన్ని బస్తాలో ముందే రాసుకోవాలి. నాలుగు, వారానికి ఒకరోజు ఇద్దరు ముగ్గురు రైతులు బృందం చేలు తిరిగి పూవు విదిల్చి పురుగు చూసి, అవసరం ఉంటేనే మందు అని చెప్పాలి. డీలరు ఇచ్చిన తేదీల పట్టిక చూసి కొట్టడం ఆపాలి.

ప్రభుత్వాల ముందు మన డిమాండ్లు ఇవి. పొటాష్, భాస్వరం ఎరువులకు సబ్సిడీ పెంచి, యూరియాకు, వాటికి ఉన్న ధరల అంతరాన్ని తగ్గించాలి. ఎరువుతో లింకు అమ్మకాలను నేరంగా చూసి కేసులు పెట్టాలి. కౌలుదారులందరికీ గుర్తింపు కార్డులు ఇచ్చి, పంట రుణం, పెట్టుబడి సాయం అందించాలి. రాష్ట్రంలో కట్టిన 2,601 రైతు వేదికల్లో భూసార పరీక్ష పరికరాలు, పనిచేసే సిబ్బంది ఉండాలి. మిరప మండలాల్లో ప్రతి వేదిక పరిధిలో రైతు చేనులోనే ఒక ప్రదర్శన క్షేత్రం నడపాలి. మహబూబాబాద్ జిల్లా మల్యాల ఉద్యాన పరిశోధన స్థానం లాంటి చోట్ల పక్క పంటల మీద పరిశోధనకు నిధులివ్వాలి. జొన్న, ఆముదం, అలసంద విత్తనాలను మిరప రైతులకు ఉచితంగా ఇవ్వాలి. పంట బీమాను మిరపకు అమలు చేయాలి. కాయ ఏరడం మొదలవకముందే గిట్టుబాటు ధర ప్రకటించి, పడిపోతే మార్కెట్‌లో ప్రభుత్వ సంస్థలే కొనాలి.

చివరగా ఒక కోరిక. ఈ ఏడాది ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఎకరాకు ఎన్ని బస్తాలు, ఏ తేదీన, ఎన్ని పిచికారీలు, ఎంత ఖర్చు, చుట్టూ ఏం వేశారు, ఎన్ని క్వింటాళ్ళు, ఎంత ధర అన్నది రాయండి. పక్క పంట వేసిన చేను, వేయని చేను రెండింటి లెక్కలూ కావాలి. నష్టం వస్తే నష్టమే రాయండి. కౌలు రైతులు కౌలు కూడా రాయండి. ఏరుడు పూర్తయ్యాక ఆ లెక్కలు గ్రామ కమిటీ ద్వారా చిక్కడపల్లి కార్యాలయానికి పంపండి. వాటిని ఈ పత్రికలో అచ్చు వేస్తాం. వ్యవసాయ మంత్రి ముందు కూర్చున్నప్పుడు, ఖర్చు ఎంత అని అడిగినవాళ్ళకు జవాబుగా ఆ లెక్కలే పెడతాం.